క్లౌడ్ సర్వర్‌లో ఫైలు ఎందుకు సేవ్ కాదు?

సర్వర్ మీద నడిచే ప్రోగ్రామ్ ఫైలును డిస్కులో రాయలేకపోయిందంటే, మధ్యలో ఏదో ఒక అంచె ఆ రాతను కాదన్నదని అర్థం. వెబ్ సర్వర్, దాని వెనుక నడిచే పీహెచ్‌పీ లేదా పైథాన్ ప్రోగ్రామ్, ఆపరేటింగ్ సిస్టమ్, ఫైల్ సిస్టమ్, డిస్కు, వీటన్నిటి పైన క్లౌడ్ సంస్థ పెట్టిన నియమాలు: ఇన్ని దాటితే గానీ ఒక ఫోటో సర్వర్‌లో సేవ్ కాదు. ఏ అంచె దగ్గర ఆగిందో తేలకుండా మరమ్మతుకు దిగితే ఉన్న లోపం పోదు సరికదా, కొత్తది వచ్చి చేరుతుంది. అందుకే ఈ పనిలో మొదటి సగం వెతకడమే.

సంగారెడ్డి జిల్లా కోహీర్ జామతోటలకు పేరున్న ఊరు. అక్కడి రైతు ఒకరు కాయ ఫోటో తీసి అమ్మకాల వెబ్‌సైటుకు పంపే సందర్భాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇప్పటి ఫోన్లలో ఫోటో మూడు నాలుగు ఎంబీలు ఉండటం మామూలే. అది సెల్ టవర్ ఎక్కి, జహీరాబాద్ మీదుగానో మరో దారినో ప్రయాణించి, ఆ వెబ్‌సైటు ఉన్న డేటా సెంటర్‌కు చేరుతుంది. ఆ సెంటర్ ఇప్పుడు వంద కిలోమీటర్ల లోపే ఉండవచ్చు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2016లో ముంబైలో, 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన రీజియన్లను ప్రారంభించింది. హైదరాబాద్ రీజియన్‌లో 3 అవైలబిలిటీ జోన్లు ఉన్నాయి. ప్రభుత్వ సైట్ల కోసం నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ నడిపే జాతీయ డేటా సెంటర్లలోనూ ఒకటి హైదరాబాద్‌లోనే ఉంది. దూరం తగ్గితే ఫోటో త్వరగా చేరుతుంది. చేరిన ఫోటో డిస్కులోకి ఎక్కడం మాత్రం పూర్తిగా వేరే సంగతి.

చాలాసార్లు ఫోటో డిస్కు దాకా రానే రాదు. ఎంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్‌ను దేన్నీ మార్చకుండా వాడితే 1 ఎంబీ దాటిన అభ్యర్థనను గుమ్మంలోనే 413 అనే జవాబుతో తిప్పి పంపుతుంది. దాన్ని పెంచినా పీహెచ్‌పీ తన వంతుగా ఒక్కో ఫైలుకు 2 ఎంబీలు, మొత్తం ఫారానికి 8 ఎంబీల హద్దు పెట్టుకుని ఉంటుంది. నాలుగు ఎంబీల జామకాయ ఫోటో వెబ్ సర్వర్ హద్దు దగ్గరా, పీహెచ్‌పీ ఒక్కో ఫైలు హద్దు దగ్గరా ఆగిపోతుంది. చిన్న బొమ్మలు వెళ్తూ పెద్దవి మాత్రమే వెళ్లకపోతే అనుమానం ముందుగా ఈ హద్దుల మీదికే పోవాలి. పీహెచ్‌పీ తాను ఫైలును ఎందుకు తీసుకోలేదో ఒక అంకెలో చెబుతుంది: 1 అంటే సైజు హద్దు దాటింది, 6 అంటే తాత్కాలిక డైరెక్టరీ లేదు, 7 అంటే డిస్కులో రాయలేకపోయింది. ఆ అంకెను చూడకుండా ‘అప్‌లోడ్ విఫలమైంది’ అని ఒక్క మాటతో సరిపెట్టే ప్రోగ్రామ్‌లే ఎక్కువ. సమస్య వచ్చిన రోజున గంటలు తినేది ఆ ఒక్క మాటే.

హద్దులు దాటాక రాత లైనక్స్ కెర్నెల్ చేతికి వస్తుంది. కెర్నెల్ కాదన్నప్పుడు కారణాన్ని నంబరుగా చెబుతుంది. ఈ పనిలో అన్నిటికంటే విలువైన సమాచారం అదే. 13 అంటే పర్మిషన్ డినైడ్: అనుమతి లేదు. 2 అంటే ఆ పేరుతో ఫైలు గానీ డైరెక్టరీ గానీ లేదు. 28 అంటే చోటు లేదు. 30 అంటే ఆ ఫైల్ సిస్టమ్ చదవడానికి మాత్రమే పనికొస్తుంది. ప్రోగ్రామ్ లాగ్‌లో ఈ మాటలు దొరకకపోతే స్ట్రేస్ అనే పరికరాన్ని నడుస్తున్న ప్రాసెస్‌కు తగిలించి, అది కెర్నెల్‌ను అడిగినవీ పొందిన జవాబులూ వరసగా చూడవచ్చు. ఏ దారిలో ఏ ఫైలును తెరవబోయిందో కూడా అందులోనే కనిపిస్తుంది.

ఆ దారి చూడగానే తేలిపోయే కేసులు కొన్ని ఉంటాయి. ప్రోగ్రామ్‌లో ‘అప్‌లోడ్స్’ అని మాత్రమే రాస్తే, ఆ డైరెక్టరీని ప్రోగ్రామ్ తాను ప్రస్తుతం నిలబడ్డ చోటులో వెతుకుతుంది. టెర్మినల్‌లో నడిపినప్పుడు అది ప్రాజెక్టు ఫోల్డర్. అదే ప్రోగ్రామ్‌ను సిస్టమ్‌డీ సేవగా నడిపినప్పుడు, చోటు చెప్పకపోతే, రూట్ డైరెక్టరీ. విండోస్ ల్యాప్‌టాప్‌లో పెద్దక్షరం చిన్నక్షరం తేడా లేకుండా నడిచిన పేరు లైనక్స్‌లో రెండు వేర్వేరు పేర్లవుతుంది. పూర్తి దారిని సెట్టింగుగా రాసి పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

తరచుగా వచ్చేది 13. దాన్ని అర్థం చేసుకోవాలంటే రాస్తున్నది ఎవరన్న ప్రశ్నతో మొదలుపెట్టాలి. ఉబుంటు సర్వర్‌లోకి లాగిన్ అయి ఫైళ్లు పెట్టే మనిషి సాధారణంగా ‘ఉబుంటు’ అనే యూజర్. బ్రౌజర్ నుంచి వచ్చిన అభ్యర్థనను నెరవేర్చే ప్రాసెస్ మాత్రం ‘డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా’ అనే మరో యూజర్. ఉబుంటు, డెబియన్‌లలో దాని నంబరు 33. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఆ స్థానంలో ‘అపాచీ’ అనో ‘ఎంజిన్‌ఎక్స్’ అనో ఉంటుంది. కెర్నెల్‌కు ఈ ఇద్దరూ వేరు. ‘నేను నడిపితే నడుస్తోంది, బ్రౌజర్‌లో నడవడం లేదు’ అన్న ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

అప్‌లోడ్స్ డైరెక్టరీని దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది. దాన్ని ‘ఉబుంటు’ సృష్టించాడు, అనుమతి 755. ఈ మూడంకెల్లో మొదటిది యజమానికి, రెండోది అతని గ్రూపుకు, మూడోది మిగతా అందరికీ. చదవడానికి 4, రాయడానికి 2, లోపలికి వెళ్లడానికి 1. కలిపితే వచ్చే సంఖ్యే అక్కడ కనిపించేది. యజమానికి 7, అంటే మూడూ ఉన్నాయి. మిగతావారికి 5, అంటే 4, 1 ఉన్నాయి, 2 లేదు. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా ఇక్కడ ‘మిగతావారి’లో ఒకరు. కాబట్టి ఆ డైరెక్టరీలోకి వెళ్లగలదు, ఉన్న ఫైళ్ల జాబితా చూడగలదు, కొత్త ఫైలు మాత్రం పెట్టలేదు. కెర్నెల్ చెప్పిన 13కు అర్థం ఇంతే.

ఇక్కడ చాలామంది చేసే పని 777 పెట్టేయడం. ఫైలు వెంటనే సేవ్ అవుతుంది, సమస్య తీరినట్టు కనిపిస్తుంది. కానీ ఆ యంత్రంలోని ఏ ప్రాసెస్ అయినా ఇక ఆ డైరెక్టరీలో రాయవచ్చు, అక్కడున్న ఫైళ్లను చెరిపేయవచ్చు. అదే డైరెక్టరీలో పీహెచ్‌పీ ఫైళ్లు నడిచే ఏర్పాటు కూడా ఉంటే, ఫోటో పేరుతో వచ్చిన ఒక చిన్న ప్రోగ్రామ్ సర్వర్ మొత్తాన్ని పరాయి చేతుల్లో పెడుతుంది. 777 మరమ్మతు కాదు. కారణం వెతకడం మానేసి తలుపులన్నీ తీసి పెట్టడం అది. సరైన పని చిన్నదే: అప్‌లోడ్స్ డైరెక్టరీ ఒక్కదానికి యజమానిగా డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటాను పెట్టడం, మిగతా ప్రోగ్రామ్ ఫైళ్లను దాని చేతికి ఇవ్వకపోవడం. ఇద్దరూ రాయాల్సి వస్తే ఉమ్మడి గ్రూపు పెట్టి 2775 ఇస్తే చాలు; ముందున్న 2 వల్ల లోపల పుట్టే కొత్త ఫైళ్లకూ అదే గ్రూపు వస్తుంది.

డైరెక్టరీ అనుమతి సరిగ్గా ఉన్నా 13 వస్తూనే ఉంటే పైనున్న దారిని చూడాలి. లోపలి గది తెరిచి ఉన్నా వీధి గుమ్మం మూసి ఉంటే లోపలికి పోలేనట్టే, దారిలో ఉన్న ప్రతి డైరెక్టరీలోనూ వెళ్లే అనుమతి ఉండాలి. ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ల హోమ్ డైరెక్టరీలు 750తో పుడుతున్నాయి. వెబ్‌సైటును హోమ్ డైరెక్టరీలో పెట్టి పాత పద్ధతిలో నడపబోతే అక్కడే ఆగుతుంది. నేమీ అనే కమాండ్ ఒక దారిలోని ప్రతి మెట్టుకూ యజమానినీ అనుమతినీ వరసగా చూపిస్తుంది. ఆ పట్టిక ఒక్కసారి చూస్తే అడ్డు ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది.

మూడంకెలన్నీ సరిగ్గా ఉండి కూడా రాత ఆగే సందర్భం ఇంకొకటి ఉంది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఎస్ఈలైనక్స్, ఉబుంటులో యాప్‌ఆర్మర్ అనే రెండో కాపలా ఉంటుంది. ఎస్ఈలైనక్స్ ప్రతి ఫైలుకూ ఒక ముద్ర వేస్తుంది. వెబ్ సర్వర్ రాయదగ్గదన్న ముద్ర లేని చోట, అనుమతులు ఎలా ఉన్నా రాయనివ్వదు. సిస్టమ్‌డీలోనూ ఒక సేవకు ఫైల్ సిస్టమ్ మొత్తాన్ని చదవడానికి మాత్రమే చూపించి, రాయదగిన దారులను విడిగా ప్రకటించే వీలుంది. ఈ కాపలాలను ఆపేయమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉంటారు. ఆడిట్ లాగ్‌లో తిరస్కరణ నమోదై ఉందో లేదో చూసి ఆ ఒక్క డైరెక్టరీకి సరైన ముద్ర వేయడం అయిదు నిమిషాల పని. ఆపేయాల్సిన అవసరం లేదు.

28 వచ్చినప్పుడు డీఎఫ్ కమాండ్ చూడటం అందరికీ తెలిసిందే. అమెజాన్‌లో ఉబుంటు యంత్రాన్ని మార్పులేమీ చేయకుండా తెరిస్తే వచ్చే డిస్కు 8 జీబీలు. లాగ్ ఫైళ్లు, పాత ప్యాకేజీలు దాన్ని నింపడానికి పెద్ద కాలం పట్టదు. కన్సోల్‌లో డిస్కును 20 జీబీలకు పెంచినంత మాత్రాన పని కాదు. లోపలి పార్టిషన్‌నూ ఫైల్ సిస్టమ్‌నూ విడిగా సాగదీయాలి. పెద్ద లాగ్‌ను చెరిపేసినా చోటు రాకపోతే, ఆ ఫైలును ఏదో ప్రాసెస్ ఇంకా తెరిచి పట్టుకుని ఉందని అర్థం. ఎల్‌ఎస్‌ఓఎఫ్ అనే కమాండ్ దాన్ని చూపిస్తుంది. ఆ సేవను మళ్లీ మొదలుపెట్టగానే చోటు తిరిగి వస్తుంది.

డిస్కులో సగం ఖాళీగా కనిపిస్తూ చోటు లేదన్న జవాబు వస్తే చాలామందికి దిక్కు తోచదు. ప్రతి ఫైలుకూ ఐనోడ్ అనే చిన్న నమోదు కావాలి. ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ తన సాధారణ అమరికలో ప్రతి 16,384 బైట్లకు ఒక ఐనోడ్ చొప్పున మొదట్లోనే లెక్కగట్టి పెట్టుకుంటుంది. 8 జీబీల డిస్కుకు అది సుమారు 5 లక్షలు. పీహెచ్‌పీ సెషన్ ఫైళ్లు, ఫోటోల చిన్న నకళ్లు లక్షల్లో పేరుకుంటే జీబీలు మిగిలి ఉండగానే ఐనోడ్లు అయిపోతాయి. డీఎఫ్‌ను ఐ గుర్తుతో నడిపితే ఆ లెక్క తెలుస్తుంది. ఎక్స్‌టీ4 సాధారణంగా డిస్కులో 5 శాతాన్ని రూట్ యూజర్ కోసం పక్కన పెడుతుంది. దానివల్ల డిస్కు నిండాక మామూలు ప్రాసెస్‌లు రాయలేకపోతుంటే రూట్ మాత్రం హాయిగా రాస్తుంది. రూట్‌గా పరీక్షించి ‘బాగానే ఉంది కదా’ అనుకోవడం ఎంత తప్పుదారి పట్టిస్తుందో దీన్నిబట్టి చూడవచ్చు. పరీక్ష ఎప్పుడూ రాయాల్సిన యూజర్ పేరు మీదే జరగాలి: సుడోతో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటాగా మారి ఆ డైరెక్టరీలో టచ్ కమాండ్‌తో ఒక ఖాళీ ఫైలు పెట్టి చూడాలి.

30 అనే జవాబుకు, పైన చెప్పిన సిస్టమ్‌డీ నియమం కాక, క్లౌడ్‌లో రెండు వేర్వేరు మూలాలు. మామూలు వర్చువల్ యంత్రంలో అయితే డిస్కులో లోపం కనిపించి, మరింత నష్టం జరగకుండా ఎక్స్‌టీ4 తనను తాను చదవడానికి మాత్రమే అన్న స్థితికి మార్చుకుని ఉండవచ్చు. అప్పుడు కెర్నెల్ లాగ్ చూసి, డిస్కు నకలు తీసి, తర్వాతే మరమ్మతు చేయాలి. రెండో మూలం లోపం కానే కాదు, ఆ వేదిక నిర్మాణమే అది. గూగుల్ యాప్ ఇంజిన్ 2008లో వచ్చినప్పుడు ప్రోగ్రామ్‌లకు స్థానిక ఫైల్ సిస్టమ్‌లో రాసే వీలే లేదు. అమెజాన్ లాంబ్డాలో ఇప్పటికీ స్థానికంగా ‘టీఎంపీ’ అనే తాత్కాలిక డైరెక్టరీలో మాత్రమే రాయవచ్చు. దాని సైజు మామూలుగా 512 ఎంబీలు, అడిగితే 10,240 ఎంబీల దాకా. మైక్రోసాఫ్ట్ ఆజూర్ యాప్ సర్వీస్‌లో ప్యాకేజీ నుంచి నేరుగా నడిపే పద్ధతి ఎంచుకుంటే సైటు ఫోల్డర్ చదవడానికే పరిమితమవుతుంది. ఇక్కడ ఎన్ని అనుమతులు మార్చినా ఫలితం ఉండదు.

రాత ఆగిపోవడం కంటే ప్రమాదకరమైనది, రాత జరిగినట్టే జరిగి తర్వాత ఫైలు మాయమవడం. మొదటిది వెంటనే తెలుస్తుంది. రెండోది రైతు వారం తర్వాత తన ఫోటో కనిపించడం లేదని చెప్పినప్పుడు గానీ తెలియదు. హెరోకులో ప్రోగ్రామ్ నడిచే డైనో రోజుకు ఒకసారైనా మళ్లీ మొదలవుతుంది. స్థానిక డిస్కులో అంతదాకా రాసిన ఫైళ్లన్నీ పోతాయి. డాకర్ కంటైనర్ లోపల రాసినది కంటైనర్‌ను తొలగించగానే దానితోపాటే పోతుంది, వాల్యూమ్‌లో రాసినదే మిగులుతుంది. గూగుల్ క్లౌడ్ రన్‌లో ఫైల్ సిస్టమ్ మెమరీలోనే ఉంటుంది. అక్కడ ఫైళ్లు పేరుకుంటే పోయేది డిస్కు చోటు కాదు, ప్రోగ్రామ్‌కు కేటాయించిన మెమరీ. అది దాటగానే ప్రోగ్రామే ఆగిపోతుంది. సొంత సర్వర్ల కాలంలో డిస్కు అంటే శాశ్వతం. క్లౌడ్‌లో యంత్రం ఎప్పుడైనా మారిపోయే వస్తువు, దాని డిస్కు కూడా చాలా చోట్ల అంతే.

యంత్రాలు రెండు మూడు ఉంటే ఇదే సమస్య ఇంకో రూపంలో వస్తుంది. అభ్యర్థనలను యంత్రాలకు పంచే లోడ్ బ్యాలెన్సర్ ఫోటోను మొదటి యంత్రానికి ఇచ్చింది, తర్వాత చూడటానికి వచ్చినవారిని రెండో యంత్రానికి పంపింది. ఫోటో ఒకసారి కనిపిస్తుంది, పేజీని మళ్లీ తెరిస్తే కనిపించదు. హైదరాబాద్ రీజియన్‌లో ఒక జోన్‌లో ఉన్న ఈబీఎస్ అనే అమెజాన్ డిస్కును మరో జోన్‌లోని యంత్రానికి తగిలించడం కూడా కుదరదు. ఉమ్మడిగా వాడే ఎన్ఎఫ్ఎస్ డిస్కు పెడితే పని జరుగుతుంది గానీ, అందులో రూట్‌ను ప్రత్యేక హక్కులేవీ లేని యూజర్‌గా మార్చే రక్షణ ఉండవచ్చు. అప్పుడు రూట్‌కే 13 వస్తుంది.

ఈ కారణాలన్నిటి వల్ల వాడేవారి ఫోటోలను ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో పెట్టడమే క్లౌడ్‌లో సరైన దారి. అమెజాన్ ఎస్3 2006 మార్చిలో వచ్చింది. తర్వాత మిగతా సంస్థలూ అదే నమూనాను తీసుకున్నాయి. ఇది డిస్కు కాదు. ఫైలును తెరిచి చివర్లో ఒక పంక్తి చేర్చడం మామూలు ఎస్3 బకెట్‌లో లేదు. మార్చాలంటే మొత్తం వస్తువును మళ్లీ పెట్టాలి. అనుమతుల పద్ధతీ వేరు. ఇక్కడ 13 స్థానంలో 403 వస్తుంది. ప్రోగ్రామ్ నడిచే పాత్రకు ఆ బకెట్‌లో పెట్టే హక్కు ఇచ్చారా, బకెట్ మీది నియమం ఎక్కడైనా అడ్డుపడుతోందా అన్న రెండూ చూడాలి. యంత్రం గడియారం 15 నిమిషాలకు మించి తేడాగా ఉన్నా ఎస్3 ఆ అభ్యర్థనను ఒప్పుకోదు, ఎందుకంటే సంతకంలో సమయం కూడా భాగం.

హైదరాబాద్ రీజియన్‌ను ఎంచుకునేవారు తెలుసుకోవాల్సిన విషయం ఇంకొకటి ఉంది. 2019 మార్చి 20 తర్వాత అమెజాన్ తెరిచిన రీజియన్లు ఖాతాల్లో మామూలుగా ఆపి ఉంటాయి. ఖాతాదారు వెళ్లి ఆన్ చేసుకోవాలి. ముంబై అంతకు ముందుది కాబట్టి ఆ బెడద లేదు. హైదరాబాద్ తర్వాతది. ముంబైలో సజావుగా నడిచిన ప్రోగ్రామ్‌ను హైదరాబాద్‌కు మార్చగానే టోకెన్ చెల్లదన్న జవాబు వస్తే, తాత్కాలిక తాళాలు, అంటే ఆ టోకెన్లు, వాటినిచ్చే అమెజాన్ సేవ పాత ప్రపంచవ్యాప్త చిరునామా నుంచి తెచ్చుకుంటున్నారేమో చూడాలి. ఆ చిరునామా ఇచ్చే టోకెన్లు మామూలు అమరికలో ఇలాంటి కొత్త రీజియన్లలో చెల్లవు. రీజియన్ సొంత చిరునామా నుంచి తెచ్చుకుంటే చెల్లుతాయి.

తెలుగులో పేర్లు పెట్టిన ఫైళ్లకు వాటివే అయిన ఇబ్బందులున్నాయి. పాఠ్యపుస్తకాలు వీటి జోలికి పోవు. ఎక్స్‌టీ4లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, తెలుగు సంకేతానికి మూడు. పైగా గుణింతపు గుర్తు, పొల్లు కూడా ఒక్కో సంకేతమే. ‘కోహీర్’ అన్న చిన్న పేరులో క, ఓత్వం, హ, ఈత్వం, ర, పొల్లు కలిసి ఆరు సంకేతాలు, 18 బైట్లు. మొత్తం పేరుకు 85 సంకేతాలే హద్దు. ఊరు, రైతు పేరు, పంట, తేదీ కలిపి ఫైలుకు పేరు పెడితే అది ఇట్టే దాటిపోతుంది. అప్పుడు కెర్నెల్ చెప్పే నంబరు 36.

ఇంతకంటే సూక్ష్మమైనది ఐత్వం. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వానికి కింద ఒక గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కోహీర్ మండలంలోని ‘పైడిగుమ్మల్’ పేరు మొదటి పద్ధతిలో 33 బైట్లు, రెండో పద్ధతిలో 36. తెర మీద రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. లైనక్స్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు ఫైళ్లు. పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు చేర్చే కనిపించని విరామ సంకేతం కూడా ఇలాంటి చిక్కే తెస్తుంది. సేవ్ చేసిన ఫైలు కళ్ల ముందే ఉన్నా ప్రోగ్రామ్ ‘లేదు’ అని నంబరు 2 చూపిస్తుంది. దీనికి నికరమైన విరుగుడు ఒక్కటే: డిస్కులోనో బకెట్‌లోనో పేరును ప్రోగ్రామే అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలతో తయారు చేసుకోవాలి, రైతు పెట్టిన తెలుగు పేరు చెక్కుచెదరకుండా డేటాబేస్‌లో ఉండాలి. వాడేవారు ఇచ్చిన పేరును దారిలో కలపకపోతే, చుక్కలు గీతలతో పై డైరెక్టరీల్లోకి చొరబడే దాడికీ తావుండదు.

రాసే పద్ధతిలోనూ జాగ్రత్తలు కావాలి. రైట్ అన్న పిలుపు విజయవంతమైందని కెర్నెల్ చెప్పినా ఆ డేటా ఇంకా మెమరీలోనే ఉండవచ్చు. సాధారణ అమరికలో అది డిస్కుకు చేరడానికి 30 సెకన్లు, అంతకు మించి కూడా పట్టవచ్చు. పోకూడని ఫైలు అయితే ఎఫ్‌సింక్ అడిగి, దాని జవాబు కూడా చూడాలి. సగం రాసిన ఫైలు ఎవరి కంటా పడకుండా ముందు తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాక అసలు పేరుకు మార్చడం మంచి పద్ధతి. ఆ మార్పు ఒకే ఫైల్ సిస్టమ్‌లోనే కుదురుతుంది. కంటైనర్లలో టీఎంపీ ఒక ఫైల్ సిస్టమ్, అప్‌లోడ్స్ వాల్యూమ్ మరొకటి కావడం మామూలే. అప్పుడు 18 నంబరుతో విఫలమవుతుంది. తాత్కాలిక ఫైలును కూడా అప్‌లోడ్స్ పక్కనే పెడితే సరిపోతుంది.

సరిచేశాక పరీక్ష బ్రౌజర్ నుంచే, నాలుగైదు ఎంబీల నిజమైన ఫోటోతో చేయాలి. సేవను మళ్లీ మొదలుపెట్టి ఫోటో ఉందో లేదో చూడాలి. కంటైనర్ అయితే దాన్ని తొలగించి కొత్తది నడిపి చూడాలి. యంత్రాలు ఎన్ని ఉంటే అన్నిటి నుంచీ తెరిచి చూడాలి. ప్రోగ్రామ్‌లో రాత పిలుపు ఇచ్చిన జవాబును చూడకుండా వాడేవారికి ‘సేవ్ అయింది’ అని చెప్పే పంక్తి ఎక్కడున్నా తీసేయాలి. విఫలమైతే కెర్నెల్ నంబరు, పూర్తి దారి, యూజర్ పేరు మూడూ లాగ్‌లో పడాలి. వాడేవారికి మాత్రం ఫోటో చేరలేదని, మళ్లీ పంపమని తెలుగులో తిన్నగా చెప్పాలి. సర్వర్ ఆరోగ్యాన్ని నిమిషానికోసారి తనిఖీ చేసే ఏర్పాటు ఉంటే, అందులో ఒక చిన్న ఫైలు రాసి, తిరిగి చదివి, చెరిపేసే పరీక్షను కూడా చేర్చాలి. డిస్కు చోటుతోపాటు ఐనోడ్ల లెక్క కూడా 80 శాతం దాటగానే హెచ్చరిక వచ్చేలా పెట్టుకోవాలి.